పదిహేడో గూడు

హలోఅక్కకి అసలు పేరు ఒకటుంది. హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆ లిఫ్టుల కంపెనీలో ఫోను దగ్గర కూర్చుంటోంది. ఊళ్ళో నూట నలభై మేడల లిఫ్టులు బాగుచేసే కంపెనీ అది. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి, చీకట్లో చెమటలు కక్కుతూ మనిషి ఫోను చేస్తే, అవతల నుంచి ఈవిడ "హలో" అంటుంది. బెదిరిన కోడెదూడ మెడ నిమిరినట్టు ఉంటుంది ఆ హలో. సగం భయం అక్కడే దిగిపోతుంది. మిగతా సగం మెకానిక్కు వెళ్ళి దించుతాడు.

ఆఫీసు మూడో అంతస్తులో రెండు గదులు. ఆ మేడకీ లిఫ్టు ఉంది, రెండు నెలలుగా పనిచెయ్యడం లేదు. మెట్లెక్కి రొప్పుతూ వచ్చిన ప్రతివాడూ "ఊరందరినీ ఎక్కించే వాళ్ళకి సొంత లిఫ్టు లేదా?" అని నవ్వుతాడు. హలోఅక్క మంచినీళ్ళ గ్లాసు ముందుకు తోసి "మీకు ఒంటికి మంచిదని ఆపేశాం" అంటుంది.

ఆవిడ కుర్చీ వెనక గోడకి బూడిదరంగు ఇనప పెట్టె బిగించి ఉంటుంది. వాయిస్‌మెయిల్ పెట్టె. ఫోను ఆరుసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే ఆ పెట్టే ఎత్తుతుంది, విషయం చెప్పమంటుంది, చెప్పింది దాచుకుంటుంది. మూడు నిమిషాల దాకా చెప్పుకోవచ్చు. ఆ పైన కుయ్యిమని కూతపెట్టి నోరు మూయిస్తుంది. లోపల ఇరవై నాలుగు అరలు. ఆఫీసులో వాటిని గూళ్ళు అంటారు. ఒక్కో ఫోనుకి ఒక్కో గూడు. గూట్లో కొత్త మాట పడితే ఆ ఫోను మీద ఎర్రదీపం వెలుగుతుంది, వింటే ఆరిపోతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి పెట్టె తన్ను తాను ఊడ్చుకుంటుంది. విన్న మాట, వచ్చి ముప్పై రోజులు దాటితే, ఆ ఊడ్పులో పోతుంది. వినని మాటని మాత్రం ఎన్నేళ్ళయినా ముట్టదు. ఎవరు చేశారో గానీ ఆ ఇనప డబ్బాకి ఆపాటి మర్యాద నేర్పి పంపారు.

ఊడ్పులో పోకుండా మాటల్ని కాపాడే పని హలోఅక్కది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రిసీవరుకి చిన్న రికార్డరు ఆనించి పెట్టి, ఫిర్యాదుల గూట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే మోగించి ఎక్కించేది. పక్కన నోటుపుస్తకంలో ఏ మేడ, ఎవరు, ఏమన్నారు అని రాసేది. రెండున్నర గంటలు. "మేం మూడుసార్లు చెప్పాం, మీరే పట్టించుకోలేదు" అని ఎవరైనా గొడవకొస్తే చూపించడానికి సాక్ష్యం ఉండాలి కదా. ఆ మధ్య ఆవిడకి జ్వరమొచ్చి ఆరు వారాలు ఈ పని పడకేసింది. సరిగ్గా అప్పుడే ఒక కళ్ళాస్పత్రి వాళ్ళు గొడవకొచ్చారు. వాళ్ళ మాట ఊడ్పులో పోయింది. మేం అబద్ధాలకోరులమా అని వాళ్ళు, మేమా అని వీళ్ళు. చివరికి ఆ మేడ కాంట్రాక్టు చేజారిపోయింది.

దాంతో ఓనరు ఒక కంప్యూటరాయన్ని పిలిపించింది. ఈ ఓనరు పాత ఓనరు గారి కూతురు. బడి బట్టల్లో వచ్చి ఇదే బల్ల కింద దూరి ఆడుకున్న పిల్ల కాబట్టి, బయటివాళ్ళ ముందు "మేడం" అన్నా, లేనప్పుడు హలోఅక్క నోట "పాప" అనే వచ్చేది.

"ఇక మీ శుక్రవారం బాధ తీరిపోయింది అక్కా," అంది పాప. "ఈయన కంప్యూటర్లో ఏదో రాసి పెడతారట. రోజూ పొద్దున్న ఏడున్నరకి మనమెవరం లేకపోయినా అదే ఫోను చేసుకుని, అదే విని, అదే కాపీ చేసి పెట్టేస్తుందట."

"అదే వినడమేంటి మేడం? మిషనుకి చెవులెక్కడివి?"

"ఒక్క నిమిషం," అన్నాడు కంప్యూటరాయన.

ఆ మనిషికి నలభై అయిదు దాటి ఉంటాయి. బానపొట్ట, మెడలో కళ్ళజోడు తాడు, వైర్లు చిక్కుపడ్డ సంచి. ఏది అడిగినా ముందు ఒక్క నిమిషం అంటాడు. ఆ నిమిషం పూట గడిచినా అవదు. రెండో రోజుకే ఆఫీసంతా ఆయన్ని ఒక్కనిమిషం గారు అనడం మొదలుపెట్టింది, ఆయనకి వినపడేలాగే.

"ఇది పాతకాలం పెట్టె అక్కా," అన్నాడు ఒక్కనిమిషం, దాని మూత తీసి లోపలికి తొంగి చూస్తూ. "దీంట్లోకి వేరే దారి లేదు. మీరు విన్నట్టే వినాలి. గూటి నంబరు కొట్టాలి, రహస్య నంబరు కొట్టాలి, అది మోగిస్తుంటే ఎక్కించుకోవాలి. మీరు చేసేదే నా కంప్యూటరు చేస్తుంది. తేడా ఏంటంటే దానికి జ్వరం రాదు."

"విసుగూ రాదు."

"విసుగు నాకొస్తుంది. సరే, ఏయే గూళ్ళు కావాలో చెప్పండి. పది ఫిర్యాదులది. పదకొండు, పన్నెండు మెకానిక్కులవి. పదిహేడెవరిది?"

హలోఅక్క చీర కొంగు సర్దుకుంది. "నాదే. అది పాడైంది. దాన్ని వదిలెయ్యండి."

"దీపం వెలుగుతోంది కదా?"

"దీపమే పాడైంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. అందులో ఏం లేదు."

ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆవిడ నాలుకకి నునుపొచ్చింది. కొత్తగా చేరిన ప్రతి మెకానిక్కుకీ, గోడలకి సున్నం వెయ్యడానికొచ్చిన వాళ్ళకీ, టీ తెచ్చేవాడికీ, అందరికీ అదే మాట. దీపం పాడైంది. దీపం భేషుగ్గా ఉంది. పదకొండేళ్ళుగా ఆ గూట్లో ఒకే ఒక్క మాట, విననిది, ఉంది.

ఆ మాట నిచ్చెనది.

నిచ్చెన అంటే ఆ కంపెనీలో పనిచేసిన మెకానిక్కు. మనిషి అంత పొడుగు కాబట్టి ఆ పేరు. నిచ్చెన అవసరం లేకుండా లిఫ్టు కప్పు మీది మరలు విప్పేవాడు. పొడుగెంతో మాట అంత పొట్టి. పని అయ్యాక ఫోను చేసి "అయింది" అనేవాడు.

"ఏమైంది?" అనేది హలోఅక్క, కావాలనే.

"లిఫ్టు."

"లిఫ్టుకేమైంది?"

"బాగైంది."

"మీతో మాట్లాడాలంటే పట్టకారుతో మేకు పీకినట్టుందండీ," అనేది ఆవిడ. అవతల ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చేది. ఆ నవ్వు కోసమే రోజూ అదే ప్రశ్న వేసేదని ఆవిడకి తెలుసు. ఆ నవ్వు అతను దాచుకుని తెచ్చేవాడనీ తెలుసు. ఇద్దరి మధ్యా మీరు అన్న మాట నువ్వు కాలేదు. చేతులు తగిలింది ఒక్కసారి, తాళాల గుత్తి అందిస్తూ. అప్పటికి ఆవిడకి ముప్పై ఆరు. ఇంట్లో మంచానపడ్డ తల్లి. పొద్దున్న తల్లికి ఒళ్ళు తుడిచి, పక్కింటావిడకి అప్పగించి వచ్చేది. సాయంత్రం పరుగున వెళ్ళేది. ఆవిడకి ఇంకో ఆలోచనకి చోటు లేదని ఆఫీసంతా అనుకుంది. ఆవిడా అలాగే అనుకున్నట్టు నటించింది.

వేరే ఊళ్ళో పని దొరికింది, పెద్ద పనే, అని నిచ్చెన ఒక రోజు చెప్పాడు. చెప్పి నిలబడ్డాడు. హలోఅక్క "మంచిది, వెళ్ళి రండి" అంది. అని ఫోను ఎత్తింది, అది మోగకపోయినా.

అతను బస్సెక్కిన రోజు ఆవిడ అన్నం తిని సీటుకి వచ్చేసరికి పదిహేడు మీద ఎర్రదీపం వెలుగుతోంది. చిన్న తెర మీద అతని నంబరు. ఒంటిగంటా పది. నిడివి మూడు నిమిషాలు.

మూడు నిమిషాలు! రోజు మొత్తానికి పది మాటలు పొదుపుగా వాడే మనిషి, పెట్టె నోరు మూయించేదాకా మాట్లాడాడు. ఏముంటుంది అందులో? రమ్మనా? తిట్లా? చెయ్యి మీట మీదికి వెళ్ళి ఆగిపోయింది. రమ్మని ఉంటే తను వెళ్ళే వీలు లేదు. రావద్దని ఉంటే భరించే శక్తి లేదు. సాయంత్రం విందాం అనుకుంది. సాయంత్రం తల్లికి ఆయాసం ఎక్కువైంది. రేపు విందాం అనుకుంది. వారం గడిచాక ఇంకో సంగతి తట్టింది: వింటే ముప్పై రోజుల్లో ఊడ్చేస్తుంది. వినకపోతే ఉంటుంది. రికార్డరుకి ఎక్కించుకోవచ్చు అన్న సంగతి కావాలనే తలుచుకోలేదు. ఆ సాకు దొరికాక ఆవిడకి ప్రాణం తెరిపిన పడింది. తనకొచ్చే ఫోన్లన్నీ పదో గూటికి మళ్ళించేసి, పదిహేడుని ఆ ఒక్క మాటకే వదిలేసింది.

అమ్మ పోయి ఏడేళ్ళయింది. అప్పుడైనా వినొచ్చు. వినలేదు. అప్పటికి ఆ దీపం ఆవిడకి ఇంట్లో మనిషిలా అయిపోయింది. పొద్దున్న తాళం తీసి లోపలికి రాగానే మసక గదిలో అది ఒక్కటే మేలుకుని ఉండేది. ఇంకా చెప్పవలసింది ఉంది, చెప్పబోతున్నాను అన్నట్టు ఉండేది. అలా ఒకరు చెప్పబోతూ ఉండటమే చాలా రోజులు గడపడానికి సరిపోతుందని ఎవరికి చెబితే నమ్ముతారు?

అతని సంగతులు తెలియక కాదు. లిఫ్టు రోలర్లు అమ్ముకునే ఆయన ఊరూరా తిరుగుతూ ఆరు నెలలకోసారి వస్తాడు. "మీ నిచ్చెన ఇంట్లోనే సొంతంగా లిఫ్టు సర్వీసు పెట్టాడండోయ్" అని అతనే చెప్పాడు. ఆ నంబరు కూడా ఆఫీసు పుస్తకంలో ఉంది. రెండు కంపెనీలూ అప్పుడప్పుడు సామాను బదులు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ ఫోన్లు పాపే చేసుకుంటుంది. పెళ్ళయిందా అని హలోఅక్క అడగలేదు. అడిగితే రోలర్లాయన మొహంలో వెలిగే వెలుగుని ఆవిడ చూడదలుచుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం హలోఅక్క అన్నం తిని, క్యారియరు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కూర్చోబోయి ఆగింది.

పదిహేడు మీద దీపం లేదు.

మొదట తల అడ్డొచ్చిందేమో అని పక్కకి జరిగి చూసింది. తర్వాత ఫోను ఎత్తి దులిపింది, గడియారాన్ని దులిపినట్టు. వైరు చూసింది. వైరు బాగానే ఉంది. పెట్టె ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని ఒక్కనిమిషం గారు ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"దీన్ని ఏం చేశారు?" అంది.

"ఏది? ఆ పదిహేడా? మీరు అదృష్టవంతులు అక్కా, దీపం బాగైపోయింది!"

"ఏం చేశారండీ?"

ఆయన తలెత్తి ఆవిడ మొహం చూసి కూనిరాగం ఆపేశాడు. "ఒక్క నిమి..."

"నిమిషాలొద్దు. చెప్పండి."

"పరీక్ష చేశానండి. నేను రాసింది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసుకోవాలి కదా. ఫిర్యాదుల గూటి మీద చేస్తే, ఏదైనా తేడా వస్తే కొంపలంటుకుంటాయి. మీరే అన్నారు కదా, పదిహేడు పాడైంది, అందులో ఏం లేదు అని. పనికిరాని గూడు కదా అని దాని మీద చేశా. చూస్తే ఏదో పాత మెసేజ్ ఒకటుంది. శబ్దం వస్తోందా లేదా అని పది సెకన్లు మోగించి ఆపేశా. నేను వినను కూడా లేదు, తెర మీద గీత కదిలితే చాలు నాకు."

పనికిరాని గూడు. ఆ మాట అతని నోట్లో ఎవరు పెట్టారు? తనే పెట్టింది. హలోఅక్క కుర్చీలో కూలబడింది.

"విన్నట్టు పడిపోయిందా?"

"పడిపోయింది మరి. పది సెకన్లు విన్నా, మొత్తం విన్నా, దానికి వినడమే. ఆ సంగతి అప్పుడే తెలిసింది నాకు. అందుకే అసలు గూళ్ళకి రూలు మార్చేశా. మీరు విన్నవే కాపీ చేస్తుంది. విననివి ముట్టదు."

"దీన్ని మళ్ళీ విననట్టు చెయ్యండి."

ఆయన కళ్ళజోడు తీసి తాడుకి వదిలేశాడు. "విన్నదాన్ని విననట్టు చెయ్యడం ఈ పెట్టెకి రాదు అక్కా."

"అయితే ముప్పై రోజులే ఉంటుందా?"

"ముప్పై రోజులా..." అంటూ కంప్యూటరు తెర దగ్గరికి లాక్కున్నాడు. నాలుక కొరుక్కున్నాడు. "మెసేజ్ వచ్చిన తారీఖు నుంచి లెక్క. ఇది పదకొండేళ్ళ కిందటిది. అంటే ఇవాళ సాయంత్రం ఆరింటికే..."

గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది.

అప్పుడే ఫోను మోగింది. ఏదో మేడలో ఒక ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుంది. హలోఅక్క "హలో" అంది. ఆ హలో ఎప్పటిలాగే ఉంది. మీ పక్కన గోడకి ఆనుకుని కూర్చోండమ్మా, సంచిలో నీళ్ళున్నాయా, కొంచెం కొంచెం తాగండి, మావాడు బయల్దేరాడు, నేను లైన్లోనే ఉంటాను, మీ మనవరాలి పేరేంటి అని ఇరవై నిమిషాలు మాట్లాడింది. ముసలావిడ బయటపడి, దీవించి ఫోను పెట్టేసేదాకా ఒక్కనిమిషం గారు కదలకుండా ఆవిణ్ణే చూస్తూ ఉన్నాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా. "నేను చేసిన తప్పుకి నేనే మందేస్తాను. ఆ మెసేజ్ మొత్తం ఇప్పుడే కాపీ చేసేస్తా. మూడు నిమిషాల పని. నేను వినను, ఒట్టు. మీటింగు గదిలోకి పోయి తలుపేసుకుంటా, కంప్యూటరు దాని పని అది చేసుకుంటుంది. తర్వాత ఆరింటికి పెట్టె ఊడ్చుకున్నా పర్లేదు. మీకు వెయ్యిసార్లు వినాలనిపిస్తే వెయ్యిసార్లు వినొచ్చు. ఇంక ఎప్పటికీ పోదు."

అన్నట్టే చేశాడు. ఈసారి నిజంగా మూడు నిమిషాలే పట్టింది. ఫైలు దాచి, ఇదిగో ఇక్కడుంది అని చూపించి, టీకని దిగి వెళ్ళాడు.

ఆయన మంచే చేశాడు. హలోఅక్కకి మాత్రం ఆ మనిషి బానపొట్టలో గుద్దాలనిపించింది. వింటే పోతుంది అన్న ఒక్క సాకు మీద పదకొండేళ్ళు బతికింది. ఇప్పుడు విన్నా పోదు. సాకు కాస్తా ఊడబెరికి, నా అంత ఉపకారి లేడనుకుంటూ టీకి వెళ్ళాడు. ఇక మిగిలింది భయమే. అది ఎప్పుడూ అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ దాని మీద గుడ్డ కప్పి ఉంది, అంతే.

నాలుగైంది. నాలుగున్నర అయింది. పదో గూడు విన్నది, ఫిర్యాదులు రాసింది, పెన్సిళ్ళు చెక్కింది. చెక్కవలసినవి అయిపోతే చెక్కినవి మళ్ళీ చెక్కింది.

పాప తన గదిలోంచి వచ్చి బల్లకి ఆనుకుని నిలబడింది. "కంప్యూటరాయన చెప్పాడు," అంది. "పాపం, మొహం చిన్నబుచ్చుకుని కింద టీ బల్ల మీద కూర్చున్నాడు."

"దీపం బాగైందటగా, అదే చెప్పాడా?"

"అక్కా. ఆ దీపం పాడవలేదని ఆఫీసులో అందరికీ తెలుసు."

హలోఅక్క పెన్సిలు కింద పెట్టింది.

"నాన్నగారికి తెలుసు. నాకు కంపెనీ అప్పగిస్తూ తాళాలిచ్చి, కాగితాలిచ్చి, చివర్లో 'ఆ పదిహేడు జోలికి మాత్రం వెళ్ళకు' అన్నారు. టీ అతనికి తెలుసు. మెకానిక్కులందరికీ తెలుసు. మీరు అన్నానికెళితే దాని మీద కాగితం కప్పేవాళ్ళు, ఎవడూ పొరపాటున నొక్కకుండా. ఈయనకే తెలీదు. ఈయనకి చెప్పాలని నాకు తట్టలేదు. నా తప్పే."

"పదకొండేళ్ళూ అందరూ తెలిసే నా మొహాన నవ్వారా?"

"నవ్వలేదు అక్కా. ఒక్కళ్ళూ నవ్వలేదు." పాప ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "వినండి. నేను వెళ్ళి కింద లిఫ్టు ఎందుకు పనిచెయ్యడం లేదో చూస్తా."

"నీకు లిఫ్టు బాగుచెయ్యడం వచ్చా?"

"రాదు. చూడ్డం వచ్చు."

గది ఖాళీ అయింది. కిటికీ రెక్క మీద సాయంత్రపు ఎండ వాలింది. అయిదూ నలభైకి హలోఅక్క రిసీవరు ఎత్తింది. కంప్యూటరులో ఉన్నది వద్దు. అతను ఎక్కడ చెప్పాడో అక్కడే వినాలి. ఒకటీ ఏడూ నొక్కింది, రహస్య నంబరు నొక్కింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వాడకపోయినా వేళ్ళకి గుర్తుంది.

"హలో," అన్నాడు నిచ్చెన.

అంతకాలం తర్వాత కూడా ఆ గొంతు ఎలా ఉందంటే, పక్క గదిలోంచి స్పానరు అడుగుతున్నట్టుంది.

"నేను. నేనేనండి. మీరు అన్నానికి వెళ్ళుంటారు. బస్సెక్కాను. అదే... తాళాలు బల్ల సొరుగులో పెట్టాను. మీ అమ్మగారికి... సరే. ఉంటాను."

అంతే. ఇరవై సెకన్లు. తర్వాత గరగర, గుడ్డ రాసుకున్న చప్పుడు. ఫోను పెట్టెయ్యకుండానే జేబులో వేసుకున్నాడు మహానుభావుడు. బస్సు ఇంజను రొద. ఎవరో దగ్గారు. హలోఅక్కకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళతో సహా. మూడు నిమిషాల గుండెకోత అనుకుని పదకొండేళ్ళు కాపలా కాసింది ఈ జేబు చప్పుడుకా? పెట్టేద్దామనుకుంది. చెయ్యి పెట్టనివ్వలేదు.

బస్సు రొదలో ఒక పెద్దాయన గొంతు వినపడింది, పక్క సీట్లోంచి కాబోలు. "ఎవరు బాబూ, ఇంట్లోవాళ్ళా?"

"కాదండి. ఆఫీసు."

"ఆఫీసుకి ఫోను చేస్తే ఇంత చెమటేంటయ్యా?"

బస్సు గేరు మారింది. తర్వాత నిచ్చెన అన్నాడు, "ఒంటిగంటకి ఆవిడ సీట్లో ఉండరండి."

"తెలిసే చేశావా?"

"ఉంటే చెప్పలేను."

"లేనప్పుడు చెప్పావా మరి?"

"లేదు."

పెద్దాయన నవ్వాడు. "బాగుందయ్యా నీ వరస. ఇంతకీ ఏం చెబుదామని?"

హారను మోగింది, పొడుగ్గా. హలోఅక్క రెండో చెవి మూసుకుంది. హారను వెనక నుంచి ఆ గొంతు నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు వచ్చింది.

"వాళ్ళమ్మగారు మంచంలో ఉన్నారండి. రమ్మంటే ఆవిడ రాలేరు. రమ్మనడానికి నాకు నోరు రాదు. ఉండమంటే నేను ఉండిపోతాను. పది రోజుల్నుంచి సామాను సర్దినట్టే సర్ది, ఉండమంటారేమో అని చూశాను. వెళ్ళి రండి అన్నారు. ఇప్పుడు ఆవిడ ఫోను చేసినా దిగిపోతాను, బస్సు ఇంకా..."

కుయ్యిమని పెట్టె కూత పెట్టింది. మూడు నిమిషాలు అయిపోయాయి.

హలోఅక్క మళ్ళీ మోగించింది. మళ్ళీ మోగించింది. ఆరోసారి మోగిస్తుండగా "బస్సు" అన్న మాట దగ్గర లైను ఖాళీ అయిపోయింది. పెట్టెలోని ఆడగొంతు, ఎంతో మర్యాదగా, ఈ గూట్లో మెసేజ్‌లు ఏమీ లేవు అంది. గోడ గడియారం ఆరు చూపిస్తోంది.

అతను బస్సెక్కిన రోజు ఒంటిగంటా నలభైకి ఆవిడ సీటుకి వచ్చింది. అప్పటికి బస్సు ఎంతదూరం వెళ్ళుంటుంది? ఒక మీట నొక్కి, మూడు నిమిషాలు విని, ఒక నంబరు కొట్టి, ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఎంత చిన్నది! ఊళ్ళో వాళ్ళందరితో రోజుకి వందసార్లు అనే మాట. లైన్లో ఉండండి, ఉండండి, ఉండండి. అతనికి తప్ప.

ఒక్కనిమిషం గారు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని గొంతు సవరించుకున్నాడు. "అక్కా, కాపీ సరిగ్గా వచ్చిందో లేదో ఒకసారి మీరు వింటే..."

"వచ్చే ఉంటుంది," అంది హలోఅక్క, ముక్కు తుడుచుకుని. "మీరు పనిమంతులే. టీ తాగారా?"

"మూడు తాగాను. భయానికి."

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి, ఎవరూ లేని ఆఫీసులో, కంప్యూటరు తనంతట తనే ఫోను చేసుకుని, తనే విని, తనే దాచిపెట్టింది. తొమ్మిదికి హలోఅక్క వచ్చేసరికి బల్ల మీద మొదటి కాగితం సిద్ధంగా ఉంది. పదో గూడు, తొమ్మిది మెసేజ్‌లు, కాపీ అయ్యాయి. పదకొండు, రెండు. పన్నెండు, నాలుగు. పదిహేడు, ఖాళీ. శుక్రవారాలు ఇక ఆవిడవే. రికార్డరుకి వైరు చుట్టి బీరువాలో పెట్టింది.

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆఫీసు పుస్తకం తెరవకుండానే నంబరు కొట్టింది.

రెండుసార్లు మోగింది. "లిఫ్టు సర్వీసు."

"హలో," అంది హలోఅక్క.

అవతల ఏ చప్పుడూ లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఫోన్లో మౌనాలు విన్న మనిషి ఆవిడ. తెగిన లైను మౌనం వేరు, రిసీవరు మీద చెయ్యి మూసిన మౌనం వేరు. ఇది ఆ రెండూ కాదు.

"లైన్లో ఉన్నారా?"

"ఉన్నా."

"మీ మెసేజ్ నిన్న విన్నాను."

"ఏ మెసేజ్?"

"బస్సులోంచి చేసింది."

అతను అన్నాడు, "అందులో ఏం చెప్పలేదు నేను."

"ఫోను పెట్టెయ్యకుండా జేబులో వేసుకున్నారు. మీ పక్క సీటాయన చెప్పించాడు."

ముక్కులోంచి నవ్వు రాబోయి, మధ్యలో ఎక్కడో చిక్కుకుంది. "మొత్తం?"

"పెట్టె నోరు మూయించేదాకా."

"అమ్మగారు?"

"పోయి ఏడేళ్ళు."

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. ఆ మాటలో తప్పు తనదే అన్నట్టుంది. హలోఅక్క చెప్పవలసింది నోటిదాకా వచ్చింది. ఆ రోజు వినలేదని, అందుకే అనలేదని, వినకపోయినా అనవలసిందేనని. అంతలో అవతల దూరంగా ఒక చిన్నపిల్ల గొంతు కేక పెట్టింది.

"నాన్నా! బడి బండి వచ్చేసింది! రెండో బూటు ఏది?"

హలోఅక్క కళ్ళు మూసుకుంది. తెరిచింది. "వెళ్ళండి, పిలుస్తున్నారు," అంది, ముసలావిడతో మాట్లాడిన గొంతుతోనే.

"పెట్టెయ్యకండి," అన్నాడు నిచ్చెన. రోజుకి పది మాటల మనిషి, ఆ మాట తొందరగా, గట్టిగా అన్నాడు. "ఉండండి."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు దూరం వెళ్ళాయి. ఇక్కడ రెండో లైను మోగడం మొదలుపెట్టింది. పాప తన గదిలోంచి తొంగి చూసింది, హలోఅక్కని చూసింది, చప్పుడు చెయ్యకుండా తనే ఎత్తి, ఆవిడలా కుదరని ఒక హలో అంది.

హలోఅక్క రిసీవరు చెవికి గట్టిగా ఆనించి పట్టుకుంది. అవతల ఒక ఆడమనిషి, మంచం కింద చూడవే అంటోంది. కుర్చీ జరిగింది. సంచి జిప్పు లాగారు. ఎవరో ఒంటికాలి మీద గెంతుకుంటూ గది దాటి వెళుతున్నారు.